నార్వే ఫియోర్డులకు ఓషన్ లైనర్ ప్రయాణం: అమ్మానాన్నలతో వెళ్లేవారి ప్రశ్నలకు సమాధానం

రెడింగ్‌లో ఉంటున్న మీరు, రాజమండ్రి నుంచి వచ్చే అమ్మగారిని, నాన్నగారిని వారి పెళ్లిరోజు సందర్భంగా వచ్చే వేసవిలో సౌతాంప్టన్ నుంచి బయలుదేరే ఏడు రాత్రుల నార్వే ప్రయాణానికి క్వీన్ మేరీ 2 ఓడలో తీసుకెళ్లాలనుకుంటున్నామని రాశారు. సాయంత్రం పూట దుస్తుల నియమం పాటించాల్సిన ఓడ ఫియోర్డులు, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు, చూడటానికి అనువుగా ఉంటుందా, నాన్నగారు కోటు, టై వేసుకోనంటే ఏం చేయాలి, గుడ్డు కూడా ముట్టని అమ్మగారికి భోజనం ఎలా, వీసాలు ఎలా అని అడిగారు. నేను ఇంగ్లండ్ దక్షిణ తీరంలోనే చాలాకాలంగా ఉంటూ, ఈ మార్గంలో ప్రయాణిస్తూ, ఇండియా నుంచి వచ్చే బంధుమిత్రుల ప్రయాణాలు కుదురుస్తూ ఉంటాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను. మీరు చివర అడిగిన వీసా సంగతి ముందు చెబుతాను. మిగిలినవన్నీ ఓడ ఎక్కాక కూడా సర్దుకోవచ్చు, అది మాత్రం కుదరదు.

నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా, ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి అయిన షెంగెన్ ప్రాంతంలో ఉంది. యూకే విజిటర్ వీసా అక్కడ చెల్లదు. షెంగెన్ వీసాకు ఎవరైనా సాధారణంగా తాము నివసించే దేశం నుంచే దరఖాస్తు చేసుకోవాలి. విజిటర్ వీసా మీద మీ ఇంటికి వచ్చిన తల్లిదండ్రులు యూకే నివాసులు కారు కనుక, ఇక్కడికి వచ్చాక తీరిగ్గా చూసుకుందామంటే చాలావరకు దారి మూసుకుపోయినట్లే. వారు ఇండియాలో ఉండగానే, ముందు యూకే వీసా, ఆ తర్వాత నార్వే పేరు మీద షెంగెన్ వీసా తీసుకోవడం సరైన వరుస. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. నిర్ణయం మామూలుగా పదిహేను రోజుల్లో వస్తుంది, కొన్నిసార్లు నలభై ఐదు రోజుల వరకూ పడుతుంది. ఓడ టికెట్టు పూర్తి సొమ్ము కట్టే గడువు సాధారణంగా రెండు మూడు నెలల ముందే పడుతుంది కాబట్టి, వీసా చేతికి వచ్చే తేదీ ఆ గడువుకు ముందే ఉండేలా లెక్క చూసుకోండి. మీది భారతీయ పాస్‌పోర్టే అయితే, ఇక్కడి నివాస హోదాతో మీరు యూకే నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంటే ఈ బాధ లేదు. ఓడ దిగకుండా గదిలోనే కూర్చుంటామన్నా వీసా లేనివారిని సౌతాంప్టన్‌లో ఓడ ఎక్కనివ్వరనే అనుకోండి. తిరుగు ప్రయాణంలో వారు మళ్లీ యూకేలో ప్రవేశిస్తారు కనుక యూకే వీసా పలుమార్లు ప్రవేశానికి పనికొచ్చేదేనా అన్నది కూడా చూడండి, సాధారణంగా అలాగే ఇస్తారు. ఎప్పుడైనా స్వాల్‌బార్డ్ దీవుల దాకా వెళ్లే ప్రయాణం ఎంచుకుంటే, ఆ దీవులు నార్వేవే అయినా షెంగెన్‌లో లేవు కాబట్టి రెండుసార్లు ప్రవేశించే వీసా కావాలి. ఏడు రాత్రుల ప్రయాణాలు అంత దూరం పోవు.

వీసా కోసం అడిగే బీమాకు కనీసం 30,000 యూరోల వైద్య రక్షణ ఉండాలి. దానితోనే సరిపెట్టుకోకండి. ఓడలో డాక్టరు, చిన్న ఆసుపత్రి ఉంటాయి గానీ ఖర్చు ఎవరికి వారు పెట్టుకోవాలి, పరిస్థితి విషమిస్తే హెలికాప్టరులో ఒడ్డుకు తరలించాల్సి రావచ్చు. క్రూజ్ ప్రయాణానికి విడిగా రక్షణ ఇచ్చే పాలసీలో నాన్నగారి బీపీ, షుగరు వివరాలన్నీ దాచకుండా రాయించండి.

ఇక ఓడ సంగతి. క్వీన్ మేరీ 2 కునార్డ్ సంస్థ ఓడ. ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లో తయారై 2004 జనవరిలో తొలి ప్రయాణం చేసింది. పొడవు 345 మీటర్లు. సౌతాంప్టన్, న్యూయార్క్ నగరాల మధ్య అట్లాంటిక్‌ను క్రమం తప్పకుండా దాటడానికి కట్టినది కనుక ముక్కు పొడవుగా, కోసుగా ఉంటుంది, అడుగు భాగం నీటిలో పది మీటర్ల లోతుకు దిగి ఉంటుంది, అవసరమైతే 30 నాట్లు, అంటే గంటకు 55 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. క్రమం తప్పని సర్వీసులో ఉన్న ఇలాంటి ఓడ, అంటే ఓషన్ లైనర్, ఈరోజు ఇదొక్కటే. అదే సంస్థకు చెందిన క్వీన్ విక్టోరియా, క్వీన్ ఎలిజబెత్, 2024లో వచ్చిన క్వీన్ ఆన్ విహారానికి కట్టిన క్రూజ్ ఓడలు. దుస్తుల నియమాలు, తేనీటి మర్యాదలు అన్నింటిలోనూ ఒకటే. క్వీన్ మేరీ 2 ఏడాదిలో ఎక్కువ భాగం అట్లాంటిక్ మీదే ఉంటుంది, నార్వేకు కొద్ది ప్రయాణాలే చేస్తుంది. మీకు కుదిరిన తేదీల్లో అది లేకపోతే క్వీన్ ఆన్‌లో వెళ్లడానికి సందేహించనక్కరలేదు.

నిజానికి ఫియోర్డు లోపల ఓషన్ లైనర్‌కూ మామూలు క్రూజ్ ఓడకూ ప్రయాణికుడికి తెలిసే తేడా ఏమీ ఉండదు. అక్కడ నీరు చెరువులా కదలకుండా ఉంటుంది, ఓడ నెమ్మదిగా పోతుంది. లైనర్ గొప్పతనం తెలిసేది ఉత్తర సముద్రంలో. సౌతాంప్టన్‌లో సాయంత్రం బయలుదేరిన ఓడ రాత్రికి డోవర్ జలసంధి దాటి, మరుసటి రోజంతా ఉత్తర సముద్రం మీద సాగి, మూడో రోజు ఉదయానికి స్టావాంగర్‌కో మరో దక్షిణ రేవుకో చేరుతుంది. తిరుగు దారిలోనూ అలాగే ఒక పూర్తి రోజు సముద్రం మీదే. ఉత్తర సముద్రం లోతు తక్కువది కావడంతో గాలి లేచిందంటే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి వెంటవెంటనే వస్తాయి. పొడవైన, బరువైన ఓడ వాటిని కోసుకుంటూ పోతుంది. అందుకే పెద్దవారితో వెళ్లేటప్పుడు నేను ఈ ఓడ వైపే మొగ్గుతాను. అయినా కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు మందు ముందే డాక్టరును అడిగి తెచ్చుకోవాలి. అది వేసుకోవాల్సింది వికారం మొదలవకముందే.

ఇంత పెద్ద ఓడ కొండల మధ్యకు అంత లోపలికి ఎలా పోతుందని నాన్నగారు తప్పక అడుగుతారు. ఫియోర్డులు నదులు తొలిచిన లోయలు కావు. మంచుయుగాల్లో హిమానీనదాలు కొండను అడుగంటా గీరుకుంటూ సముద్రంలోకి జారిన దారులవి. మంచు మందంగా ఉన్న లోపలి భాగంలో కోత ఎక్కువ, సముద్రం దగ్గర మంచు పలచబడిన చోట కోత తక్కువ. అందువల్ల ఫియోర్డు నోటి దగ్గర నీటి అడుగున గడపలా ఒక మెట్టు ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ లోతు పెరుగుతుంది. సోగ్నెఫియోర్డు 200 కిలోమీటర్లకు పైగా భూభాగంలోకి చొచ్చుకుపోతుంది. దాని గరిష్ఠ లోతు 1,308 మీటర్లు. అది పక్కనున్న ఉత్తర సముద్రంలోని చాలా ప్రాంతాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కనుక ఓడకు అడుగు తగులుతుందన్న భయం లేదు. పేచీ అంతా వెడల్పుతో, మలుపులతో, గాలితోనే. నార్వే పైలట్లు ఓడ ఎక్కి కెప్టెన్ పక్కన నిలబడి దారి చూపుతారు. వేసవిలో నీరు పాలు కలిపినట్లు లేత ఆకుపచ్చగా కనబడితే, అది హిమానీనదం రాతిని నూరి పంపిన పిండి కలిసిన రంగు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఫార్మల్ ఓడ ఫియోర్డులకు అనువైనదే, కానీ ఒక షరతు మీద. ఆ ఓడలో రోజు సాయంత్రం చుట్టూ తిరుగుతుంది. స్నానం, దుస్తులు, భోజనం, సంగీతం, నృత్యం, అన్నీ ఆరు గంటల తర్వాతే. ఫియోర్డులో చూడదగ్గ వేళలు మాత్రం రెండు. తెల్లవారుజామున ఓడ లోపలికి వచ్చే వేళ ఒకటి, సాయంత్రం తిరిగి బయటికి వెళ్లే వేళ ఒకటి. మధ్యలో ఓడ రేవులో కట్టేసి ఉంటుంది. ఈ రెండు గడియారాల్లో ఏది మీ రోజును నడిపించాలో టికెట్టు కొనేటప్పుడే నిర్ణయించుకుంటే రెండూ దక్కుతాయి. నిర్ణయించుకోకపోతే బంగారంలాంటి ఫియోర్డును సూప్ తాగుతూ కిటికీలోంచి చూడాల్సి వస్తుంది.

ఉదాహరణకు ఫ్లోమ్ అనే చిన్న ఊరిని తీసుకోండి. అది సోగ్నెఫియోర్డుకు ఉపశాఖ అయిన ఔర్లాండ్ ఫియోర్డు కొసన ఉంటుంది. ఓడ ఉదయం ఏడు, ఎనిమిది గంటలకు అక్కడికి చేరాలంటే ఫియోర్డు నోట్లోకి అర్ధరాత్రి ప్రాంతంలోనే ప్రవేశించాలి. కొండలు బాగా దగ్గరపడే చివరి భాగంలో అది నడిచేది తెల్లవారి ఐదు, ఆరు గంటల వేళ. జూన్‌లో అక్కడ సూర్యుడు నాలుగింటికే లేస్తాడు, రాత్రి పదకొండు దాటాక గానీ దిగడు, ఆ మధ్యకాలంలో కూడా పూర్తి చీకటి పడదు. అంటే చూడటానికి వెలుతురుకు లోటు లేదు, లేచి నిలబడేవారికే లోటు. కార్యక్రమ పత్రంలో రాసేది రేవుకు చేరే సమయం. అందులో ఉన్న ఎనిమిది గంటలను నమ్మి ఏడున్నరకు లేచినవారికి లంగరు వేసిన ఓడ నుంచి కనబడే దృశ్యం మాత్రమే మిగులుతుంది. ముందురోజు రాత్రే రిసెప్షన్‌లో ఒక ప్రశ్న అడగండి: ఇరుకు భాగంలోకి ఓడ ఎన్ని గంటలకు వస్తుంది? సరిగ్గా చెబుతారు.

గైరాంగర్ ఫియోర్డు విషయంలో ఈ ఉదయపు మేలుకొలుపు ఇంకా ముఖ్యం. 15 కిలోమీటర్ల ఈ కురచ ఫియోర్డును, నేరోయ్ ఫియోర్డును కలిపి యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. ఓడ సున్నిల్వ్స్ ఫియోర్డు నుంచి తూర్పుకు తిరిగి లోపలికి వస్తుంది. క్వీన్ మేరీ 2లో అయితే పదకొండో డెక్కు ముందుకొసన బయటి పరిశీలన స్థలం ఉంది, అక్కడికి వెళ్లి నిలబడండి. తొమ్మిదో డెక్కులోని కమొడోర్ క్లబ్ కూడా ముందుకే చూస్తుంది, చలికి ఓర్వలేనివారికి అది చాలు. మలుపు తిరిగేటప్పుడు ఎదురుగా కొండ అడ్డంగా నిలబడి, దారి అయిపోయిందనిపిస్తుంది. ఓడ ముక్కు మెల్లగా పక్కకు జరుగుతుంది, కొండ తలుపు తెరిచినట్లు తొలగుతుంది. ఇంజిన్ చప్పుడు దాదాపు వినబడదు, నీళ్లు జారే చప్పుడు మాత్రం రెండు వైపుల నుంచీ వస్తుంది. ఎడమవైపు ఏడుగురు అక్కాచెల్లెళ్లు అని పేరున్న జలపాతం, దానికి ఎదురుగా కుడివైపు పెళ్లికొడుకు అనే ఒంటరి జలపాతం. ఆ ఏడుగురినీ ఒకరి తర్వాత ఒకరిని అడిగి, అందరూ కాదన్నాక తాగుడుకు దిగాడని, అందుకే ఆ జలపాతంలో సీసా ఆకారం కనబడుతుందని అక్కడివారు చెప్పే కథ అమ్మగారికి నచ్చుతుంది. నిటారు కొండ అంచుల మీద పాత వ్యవసాయపు ఇళ్లు పిట్టగూళ్లలా అంటుకుని ఉంటాయి. పిల్లలు పడిపోకుండా నడుముకు తాళ్లు కట్టి ఉంచేవారని చెబుతారు.

నాన్నగారికి భూగర్భ విషయాల మీద ఆసక్తి ఉంటే ఒక మాట చెప్పండి. ఈ ఫియోర్డుకు దగ్గర్లోనే ఓకర్నెస్ అనే కొండ మెల్లగా చీలుతోంది, దాన్ని పరికరాలతో రాత్రింబగళ్లు కనిపెడుతూ ఉంటారు. 1934లో పక్కనున్న తాఫియోర్డులో కొండచరియ నీటిలో పడి లేచిన అలకు 40 మంది చనిపోయారు. ఆ అనుభవం వల్లనే ఇంత జాగ్రత్త.

సాయంత్రం విషయానికి వస్తే, ఓడలోని ప్రధాన భోజనశాల అయిన బ్రిటానియా రెస్టారెంటులో నిర్ణీత భోజన వేళలు రెండు. మొదటిది సుమారు ఆరు గంటలకు, రెండోది సుమారు ఎనిమిదిన్నరకు. ఓడలు ఫియోర్డు రేవుల నుంచి సాధారణంగా ఐదు, ఆరు గంటల మధ్య బయలుదేరతాయి. అంటే మొదటి వేళ ఎంచుకున్నవారు సరిగ్గా కొండల మధ్య నుంచి బయటికి వచ్చే గంటన్నరా తెల్లటి బల్ల ముందు కూర్చుంటారు. ఫ్లోమ్ నుంచి తిరిగి వచ్చే సాయంత్రం ఆ హాలులో జరిగే తంతు చూడాల్సిందే. సగం మంది నాప్‌కిన్ కుర్చీలో పెట్టి లేచి కిటికీల దగ్గరికి పోతారు. వడ్డించే అబ్బాయి వేడి తగ్గిపోతున్న పళ్లాలను చేతిలో పట్టుకుని ఏమీ అనలేక నిలబడతాడు. రెండో వేళ అడిగి తీసుకోండి. రాత్రి భోజనం ఎనిమిదిన్నరకంటే మన ఇళ్లలో ఆలస్యమేమీ కాదు. షుగరు ఉన్న నాన్నగారికి మధ్యలో ఆకలి వేస్తుందనుకుంటే మూడున్నర గంటల తేనీరు ఉండనే ఉంది. రెండో వేళకు గిరాకీ ఎక్కువ, టికెట్టు కొన్న రోజే పెట్టుకోవాలి.

దుస్తుల గురించి అంత బెంగ అక్కరలేదు. ఏడు రాత్రుల్లో గాలా సాయంత్రాలు, అంటే పూర్తి ఫార్మల్‌గా తయారవ్వాల్సినవి, మామూలుగా రెండు, అవి సాధారణంగా సముద్రం మీద గడిచే రోజుల్లోనే పెడతారు. కాబట్టి ఫియోర్డుకూ పట్టుచీరకూ పోటీ రాదు. ఆ రెండు రాత్రులు పురుషులకు డిన్నర్ జాకెట్టు గానీ, టైతో ముదురు రంగు సూటు గానీ ఉండాలంటారు. అయితే అదే నియమంలో ఫార్మల్ జాతీయ దుస్తులకూ చోటు ఉంది. స్కాట్లాండువారు కిల్టు కట్టుకుని వస్తారు, నార్వేవారు తమ బునాడ్ వేసుకుంటారు. కనుక నాన్నగారు టై కట్టుకోనంటే బలవంతం చేయకండి. మెడ దాకా గుండీలున్న బంద్‌గలా కోటు అందరికీ తెలిసినదే. పట్టుపంచె, లాల్చీ, కండువాతో వచ్చినా నా దృష్టిలో అది ఆ హాలుకు ఏ మాత్రం తక్కువ కాదు. కండువాతో మాత్రం డెక్కు మీదికి వెళ్లవద్దని చెప్పండి, గాలికి అది నార్వేలోనే ఉండిపోతుంది. మిగిలిన రాత్రులు ఆరు దాటాక కాలరు ఉన్న చొక్కా, ప్యాంటు సరిపోతాయి. నిక్కర్లు, చిరుగుల జీన్సు వద్దంటారు. అసలు తయారు కావాలని లేని రాత్రి కింగ్స్ కోర్ట్ బఫేలో, గోల్డెన్ లయన్ పబ్‌లో మామూలు దుస్తులతో తినవచ్చు.

గాలా రాత్రులకు ఒక్కోసారి ఇతివృత్తం పెడతారు: ఎరుపు, బంగారం ఒకటి, నలుపు, తెలుపు మరొకటి, ముసుగుల రాత్రి ఇంకొకటి. ఎరుపు, బంగారం రాత్రికి జరీ అంచు పట్టుచీర కంటే సరిపోయేది ఆ ఓడలో మరొకటి ఉండదు. పెళ్లిరోజు వేడుకలో నలుపు కట్టనని అమ్మగారంటే ఆ మాటా న్యాయమే, ఇతివృత్తం పాటించడం ఐచ్ఛికం. బరువైన కంచిపట్టు కంటే గద్వాలో, ఉప్పాడో అయితే కట్టుకుని అటూ ఇటూ తిరగడం సులువు. లోపల పలుచటి థర్మల్, పైన శాలువా ఉంటే చాలు. సూట్‌కేసులో నలిగిన చీర గురించి దిగులు వద్దు, ప్రయాణికులకు ఉచితంగా వాడుకునే లాండ్రీ గదులున్నాయి, అక్కడ ఇస్త్రీపెట్టెలూ ఉంటాయి. ఇంటి నుంచి ఇస్త్రీపెట్టె తెస్తే అగ్నిప్రమాదం పేరుతో భద్రతా తనిఖీలో తీసేసుకుంటారు. గాలా రోజు సాయంత్రం నాలుగు తర్వాత లాండ్రీ గదికి వెళితే అందరూ అక్కడే ఉంటారు కనుక ఆ పని ఉదయమే ముగించండి.

భోజనం విషయంలో చాలామంది అనుకునే దానికి విరుద్ధంగా, ఈ పాతకాలపు నిర్ణీత భోజన పద్ధతే శాకాహారికి మేలు చేస్తుంది. ఏడు రాత్రులూ అదే బల్ల, అదే వడ్డించే మనిషి, అదే పర్యవేక్షకుడు. మొదటి రాత్రి ఒకసారి వివరంగా చెబితే రెండో రాత్రి నుంచి వారే గుర్తుంచుకుంటారు. అక్కడ వెజిటేరియన్ అన్న మాటలో గుడ్డు కలిసే ఉంటుంది. కాబట్టి గుడ్డు, చేప, మాంసం, వాటి రసంతో చేసిన సూప్, జెలటిన్ ఏవీ వద్దని టికెట్టు కొన్నాక సంస్థకు రాతపూర్వకంగా తెలపండి, ఓడ ఎక్కాక మళ్లీ చెప్పండి. ప్రతి రాత్రీ భోజనం ముగిశాక మరునాటి మెనూ తెప్పించుకుని అమ్మగారికి ఏది కావాలో ముందే ఎంచితే వంటగదికి సమయం దొరుకుతుంది. పప్పు, కూర, అన్నం చేసి పెట్టమని అడగడంలో మొహమాటం వద్దు, ముందురోజు అడిగితే తరచుగా చేస్తారు. బఫేలో కూరలు కనబడతాయి గానీ వాటి కారం మన నాలుకకు ఆనదు. కంపెనీ సీలు ఉన్న కారప్పొడి పొట్లం ఒకటి పెట్టుకోండి. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరు. పాలు, మాంసం కలిసిన పదార్థాలేవీ ఓడ నుంచి నార్వే ఒడ్డుకు తీసుకెళ్లకూడదు.

క్వీన్స్ రూమ్‌లో మధ్యాహ్నం మూడున్నరకు ఇచ్చే తేనీరు మాత్రం సముద్రం మీద గడిచే రోజున వదులుకోకండి. ఆ గది మూడో డెక్కు వెనకభాగంలో ఉన్న నృత్యశాల. తెల్లటి చేతి తొడుగులు వేసుకున్న సిబ్బంది వరసగా లోపలికి వస్తారు. ఒకరి చేతిలో టీ కెటిల్, మరొకరి చేతిలో అంచులు కోసేసిన దోసకాయ సాండ్‌విచ్‌ల పళ్లెం, ఇంకొకరి చేతిలో వేడి స్కోన్‌లు, వెనకే మీగడ, జామ్. ఒక మూల ఎవరో హార్ప్ గానీ, పియానో గానీ వాయిస్తుంటారు. స్కోన్‌ల మీదా, కేకుల్లోనూ గుడ్డు ఉంటుంది కనుక అమ్మగారికి విడిగా పళ్లెం పెట్టమని ముందే చెప్పాలి. వచ్చేవారు ఎక్కువ, మూడుంపావుకే వెళితే గోడవారన మెత్తటి కుర్చీలు దొరుకుతాయి.

గది ఎంపికలో రెండు మాటలు. ఫియోర్డులోకి వెళ్లిన దారినే తిరిగి వస్తారు కనుక ఎడమవైపా, కుడివైపా అన్న చర్చకు అర్థం లేదు. బాల్కనీ రకం మాత్రం చూడాలి. క్వీన్ మేరీ 2లో కింది డెక్కుల బాల్కనీలు ఓడ ఉక్కు గోడలోనే కోసినవి. గాలి తగలదు, ధర తక్కువ, కానీ ముందున్న గోడ ఉక్కుది కావడంతో కుర్చీలో కూర్చున్నవారికి నీళ్లు కనబడవు, నిలబడి చూడాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి పై డెక్కుల్లో అద్దపు గోడ ఉన్న బాల్కనీయే ఇప్పించండి. ఎనిమిదో డెక్కులో కొన్నింటికి లైఫ్‌బోట్లు అడ్డం వస్తాయి. ఓడ మధ్యభాగంలో, లిఫ్టుకు దగ్గరగా ఉన్న గది అయితే ఊపు తక్కువ, నడక తక్కువ. 345 మీటర్ల ఓడలో గది ఒక కొసన, తేనీరు ఇంకో కొసన అయితే పెద్దవారికి అదే సగం వ్యాయామం.

కాలం విషయంలో మే చివరి నుంచి జూన్ మధ్య దాకా వెళ్లమంటాను. కొండల మీద మంచు అప్పుడే కరుగుతుంది, జలపాతాలు నిండుగా దూకుతాయి. ఆగస్టు వచ్చేసరికి ఆ ఏడుగురు అక్కాచెల్లెళ్లలో కొందరు సన్నబడిపోతారు. మే 17 నార్వే జాతీయ దినం, ఆ రోజు రేవులో ఉంటే ఊరు ఊరంతా బునాడ్ వేసుకుని ఊరేగడం చూడవచ్చు, దుకాణాలు మాత్రం మూసి ఉంటాయి.

పెద్ద ఓడలను ఈ ఫియోర్డుల్లోకి ఇకమీదట రానివ్వరని ఎక్కడో చదివామన్నారు. అది సగం నిజం. ప్రపంచ వారసత్వ ఫియోర్డుల్లో కాలుష్యం వదలని ఓడలే తిరగాలని నార్వే పార్లమెంటు 2018లో తీర్మానించింది. ఆ నియమం 10,000 టన్నుల లోపు ప్రయాణికుల నౌకలకు 2026 జనవరి 1 నుంచి, అంతకంటే పెద్దవాటికి 2032 నుంచి వర్తిస్తుంది. ఔర్లాండ్ ఫియోర్డు కూడా ఆ పరిధిలోదే కాబట్టి ఫ్లోమ్‌కూ ఇది తగులుతుంది. మీ ప్రయాణానికి అడ్డం రాదు. కాకపోతే ఓల్డెన్, షోల్డెన్, నూర్‌ఫియోర్డైడ్ వంటి ఇతర రేవులు ప్రయాణ పట్టికల్లో కనబడితే వాటిని తక్కువగా చూడకండి. షోల్డెన్ సోగ్నెఫియోర్డుకు చిట్టచివరి కొస, అక్కడికి పోయే ఓడ ఆ ఫియోర్డు పొడవంతా చూపిస్తుంది. ఓల్డెన్ నుంచి హిమానీనదం దగ్గరికీ, పక్కనున్న లోయెన్‌లో 1,011 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లే రోప్‌వేకూ వెళ్లవచ్చు. మెట్లెక్కలేని పెద్దవారికి ఆ రోప్‌వే పెద్ద వరం.

ఒడ్డున ఏం చూడాలన్నది వారి మోకాళ్లను బట్టి నిర్ణయించండి. స్టావాంగర్ దగ్గరి ప్రెకెస్తూలెన్ బండ 604 మీటర్ల ఎత్తున ఉంటుంది, దానికి కొన్ని గంటల కొండ నడక కావాలి. అది మీకు, వారికి కాదు. వారికి పాత స్టావాంగర్‌లోని తెల్లటి చెక్క ఇళ్ల వీధులు చాలు. ఫ్లోమ్‌లో రైలు ఎక్కించండి. 20 కిలోమీటర్ల దూరంలో 860 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కే రైలది. దారిలో షోస్‌ఫోసెన్ జలపాతం ముందు ఆపుతారు, తుంపరలు ముఖం మీద పడేంత దగ్గర. రెండు ఓడలు ఒకేసారి వచ్చిన రోజు టికెట్లు దొరకవు, ముందే కొనాలి. గైరాంగర్‌లో తేలే వంతెన ఖాళీ లేకపోతే చిన్న పడవల్లోకి దిగి ఒడ్డుకు వెళ్లాల్సి ఉంటుంది. సిబ్బంది చేయి పట్టుకుని దించుతారు గానీ పడవ కదులుతూ ఉంటుంది, చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడతాయి కాబట్టి ఆ రోజు అమ్మగారికి సల్వార్ కమీజు, రబ్బరు అడుగు బూట్లు మంచివి. గాలి ఎక్కువై అక్కడ ఆగకుండా ఓడ ముందుకు సాగిపోయే రోజులూ ఉంటాయి. టికెట్టు షరతుల్లో ఆ అధికారం కెప్టెన్‌కు ఉంటుంది, దానికి పరిహారం పెద్దగా రాదు.

బెర్గెన్‌లో ఏడాదికి రెండు వందల రోజులకు పైగా వాన పడుతుంది. గొడుగు గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న వానకోటు తీసుకోండి. బ్రిగ్గెన్‌లోని చెక్క ఇళ్ల వరస చూసి, 1918 నుంచి నడుస్తున్న ఫ్లోయెన్ కొండ రైలులో 320 మీటర్ల ఎత్తుకు వెళితే కింద ఊరు, రేవు, మీ ఓడ అన్నీ కనబడతాయి. అక్కడ వాఫుల్స్ ఘుమఘుమలాడతాయి గానీ వాటిలో గుడ్డు ఉంటుంది, అమ్మగారికి కాఫీతో సరిపెట్టండి. కార్డు అన్నిచోట్లా చెల్లుతుంది, నోట్లు మార్చుకోనక్కరలేదు. నార్వే సమయం యూకే కంటే ఒక గంట ముందు. ఓడ గడియారం ఎప్పుడు మారుస్తారో ముందు రాత్రి చూసుకుని ఫోన్లు సరిచేయండి. సముద్రం మీద ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచాలి, లేకుంటే ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కు పట్టుకుని భారీ బిల్లు వస్తుంది. ఓడ ఏర్పాటు చేసిన యాత్ర ఆలస్యమైతే ఓడ సాధారణంగా ఆగుతుంది, సొంతంగా తిరిగినవారి కోసం ఆగదు. సొంతంగా వెళ్లిన రోజు చెప్పిన వేళకు గంట ముందే రేవుకు చేరండి.